తరుగు, మామూలు, అడ్జస్ట్‌మెంట్: వ్యాపారంలో, ఉద్యోగంలో న్యాయంగా నిర్ణయం తీసుకోవడం ఎలా

1998 యాసంగి. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో నేను లెక్కలు రాసే గుమస్తాను. ఒకరోజు పొద్దు గూకే వేళకు హాలియా వైపు నుంచి ట్రాక్టర్ వచ్చింది. వడ్లు బాగా ఎండినవి, గుప్పెట్లోకి తీసుకుంటే గలగలమన్నాయి. ధర్మకాంట మీద తూకం అయ్యాక మేనేజర్ నా టేబుల్ దగ్గరికి వచ్చి చీటీ చూసి, "బస్తాకు రెండు కిలోలు తరుగు రాయి" అన్నాడు. అంటే వచ్చిన తూకంలోంచి అంత తీసేయాలని. రాశాను. రైతు తక్‌పట్టీ (తూకం చీటీ) తీసుకుని, బల్బు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు.

"సారూ, తరుగంటే ఏంది? వడ్లు తరిగి ఎటు పోయినయ్?"

నా దగ్గర జవాబు లేదు. "రివాజు, పెద్దాయనా" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను మిల్లు మానేసి నల్లగొండలో జీఎస్టీ, ఆదాయపు పన్ను లెక్కలు చూసే ఆఫీసు పెట్టుకున్నాను. మిల్లులు, విత్తనాల షాపులు, నర్సింగ్ హోమ్‌లు, బట్టల దుకాణాలు, పాలమూరు నుంచి కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీలు, ఇలా చాలామంది పుస్తకాలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే. "ఈ రోజు ఒకరిని మోసం చేస్తాను" అనుకుని షట్టర్ ఎత్తేవాళ్లు చాలా తక్కువ. తప్పు మన దగ్గరికి మెత్తటి పేరు పెట్టుకుని వస్తుంది. ఆ పేరు మనకు అలవాటైపోయి ఉంటుంది కాబట్టి, నిర్ణయం తీసుకున్నామన్న సంగతి కూడా మనకు తెలియకుండానే నిర్ణయం అయిపోతుంది. అందుకే నేను చెప్పబోయే పద్ధతి ఆ పేరు తీసేయడంతో మొదలవుతుంది. షాపు ఉన్నవాళ్లకూ, జీతం మీద పనిచేసేవాళ్లకూ ఇది పనికొస్తుంది.

మొదటి పని: దానికి అసలు పేరు రాయండి

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఫోన్‌లో వద్దు, కాగితం మీదే రాయండి. చేత్తో రాస్తుంటే మాట బరువు తెలుస్తుంది. మిమ్మల్ని అడిగిన పనిని ముందు వాళ్లు అడిగిన మాటల్లోనే రాయండి. కింద, ఆ వ్యాపారం గురించి ఏమీ తెలియని మీ అమ్మకు చెప్పాల్సి వస్తే ఎలా చెబుతారో అలా రాయండి.

"ఫైలు కదలాలంటే కొంచెం ఖర్చవుతుంది" అన్నది "ఆఫీసులో లంచం ఇవ్వాలి" అవుతుంది. "డేట్ కొంచెం ముందుకు వేయండి" అంటే "జరగని రోజున జరిగినట్టు రాయాలి". "పేషెంట్‌ను పంపినందుకు ఆర్‌ఎంపీకి ఏదో మర్యాద" అంటే "రోగి కట్టే బిల్లులోంచి వాటా ఇస్తున్నాం, ఆ సంగతి రోగికి తెలియదు". "అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ" అంటే చాలాసార్లు "లేని సరుకుకు బిల్లు". తూకంలో కోత పెట్టడాన్ని పండ్ల మార్కెట్‌లో సూటు అంటారు, వడ్ల దగ్గర తరుగు అంటారు. దుకాణాల దగ్గర తీసుకునే లంచాన్ని మామూలు అంటారు.

ఇక్కడ తొందరపడి ప్రతి తరుగూ మోసమే అనుకోకండి. అలా అనుకుంటే నిజాయితీగా మిల్లు నడిపేవాళ్లకు అన్యాయం చేసినట్టే. ప్రభుత్వం వడ్లు కొనేటప్పుడు తేమ 17 శాతం దాటకూడదని నిబంధన ఉంది. తాలు (లోపల బియ్యం లేని గింజలు), మట్టి ఎంతవరకు ఉండవచ్చో కూడా లెక్క ఉంది. పచ్చి వడ్లు ఎండితే బరువు నిజంగానే తగ్గుతుంది. గోనె సంచికి కూడా బరువు ఉంటుంది, కొత్త జనపనార సంచి సుమారు 580 గ్రాములు తూగుతుంది. కాబట్టి 40 కిలోల బస్తాను కాంటా మీద 40 కిలోల 600 గ్రాముల దాకా తూచడంలో తప్పు లేదు. తేమ మీటర్ పెట్టి, రైతు కళ్ల ముందు చూపించి, "22 వచ్చింది, ఇంత తగ్గుతుంది" అంటే అది కొలత. మీటర్ పెట్టకుండా, బస్తా విప్పకుండా, ఎండిన వడ్లకూ పచ్చి వడ్లకూ ఒకే అంకె రాస్తే దానికి అసలు పేరు తూకంలో మోసం. ఆ సాయంత్రం నేను రాసింది అదే.

కొలత ఉందా, అవతలి మనిషి దాన్ని చూశాడా? అసలు పేరు దొరకనప్పుడు ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే దొరికిపోతుంది.

రెండో పని: అక్కడ లేని మనిషిని లెక్కలోకి తీసుకోండి

బేరం జరిగే గదిలో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లందరూ సరే అనుకుంటే అది సమ్మతం అనిపిస్తుంది. నష్టపోయే మనిషి సాధారణంగా ఆ గదిలో ఉండడు. కాబట్టి నోట్‌బుక్‌లో రెండో పేజీలో ఆ మనిషిని రాయండి, అంకెతో సహా. అంకె లేకపోతే మనసు "ఎంతలే" అని సర్దుకుంటుంది.

తరుగునే చూద్దాం. 2025-26కు ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. సంచి బరువు పోగా బస్తాకు ఇంకో కిలో అదనంగా పోతోందనుకోండి. మూడెకరాల రైతు 200 బస్తాలు తెస్తే 200 కిలోలు, అంటే 4,778 రూపాయలు. మిల్లు లెక్కలో అది కనపడని మొత్తం. ఆ ఇంట్లో అది పిల్ల హాస్టల్‌కు కట్టాల్సిన డబ్బు కావచ్చు, పొలానికి డీఏపీ ఎరువు బస్తాలు కావచ్చు. ఈ లెక్కను ఒక మిల్లు యజమానికి కాగితం మీద వేసి చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనెప్పుడూ మొత్తం టన్నుల్లోనే చూసిన, ఒక్క రైతు లెక్క ఎన్నడూ చూడలే" అన్నారు.

"ప్రభుత్వానిది కదా, ఎవరి సొమ్ము?" అన్న మాట వచ్చినప్పుడు కూడా ఇదే చేయండి. సర్కారు వడ్లు ఆడించి ఇచ్చే మిల్లు క్వింటాకు 67 కిలోల పచ్చిబియ్యం తిరిగి ఇవ్వాలి. ఆ బియ్యం ఆలస్యమైనా, పక్కదారి పట్టినా దాని చివర్లో రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి ఉంటుంది. ప్రభుత్వం అన్న మాట ఆమెను కనిపించకుండా చేస్తుంది.

నీళ్ల విషయం వచ్చిందంటే మాత్రం నాకు మనసు ఊరుకోదు. నల్లగొండ జిల్లా నీళ్ల వల్ల ఎంత నష్టపోయిందో వేరేవాళ్లు మనకు చెప్పనక్కర్లేదు. మర్రిగూడ వైపు ఊళ్లలో వంకర తిరిగిన కాళ్లతో పెరిగిన పిల్లలను మన తరం కళ్లారా చూసింది. ఆ ఫ్లోరైడ్ రాళ్లలోంచి వచ్చింది, ఎవరూ తెచ్చి కలపలేదు. కానీ ఫ్యాక్టరీ వ్యర్థాన్ని రాత్రిపూట ట్యాంకర్‌లో తెచ్చి వాగులో వదలడం మనిషి తీసుకునే నిర్ణయం. అందులో ట్యాంకర్ డ్రైవర్ ఉన్నాడు, గేట్ పాస్ మీద సంతకం పెట్టే సూపర్‌వైజర్ ఉన్నాడు, రవాణా బిల్లు పాస్ చేసే అకౌంటెంట్ ఉన్నాడు. ప్రతి ఒక్కరూ "నాది చిన్న పనే" అనుకుంటారు. వాగు కింద బోరు నీళ్లు తాగేవాళ్లకు ముగ్గురి పనీ కలిపే అందుతుంది. మీరు ఆ ముగ్గురిలో ఒకరైతే, మీ సంతకం దగ్గర ఆపగలిగింది మీరు ఒక్కరే అని గుర్తుపెట్టుకోండి.

మూడో పని: చట్టం గీత ఎక్కడుందో తెలుసుకోండి

చాలామంది "అందరూ చేస్తున్నదే" అనుకునేవాటిలో కొన్ని నేరుగా నేరాలు. మన వైపు తరచూ ఎదురయ్యేవి చెబుతాను.

లంచం తీసుకోవడమే తప్పు, ఇవ్వడం బలహీనత అనుకుంటారు. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక ఇచ్చినవాళ్లు కూడా నేరస్థులే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెబితే ఆ నేరం నుంచి రక్షణ ఉంది. అంతకన్నా మంచిది, ఇవ్వకముందే చెప్పడం. తెలంగాణ ఏసీబీ టోల్‌ఫ్రీ నంబర్ 1064. ఈ ఏడు రోజుల సంగతి తెలియని వ్యాపారులు ఇప్పటికీ నాకు వారానికి ఒకరైనా తగులుతారు.

అడ్వాన్స్ ఇచ్చి, అది తీరేదాకా కూలీని కదలనివ్వకపోవడం వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. 1976 చట్టం దాన్ని రద్దు చేసింది. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట నుంచి కూలీలను తీసుకుపోయే మేస్త్రీలు ఈ ఒక్కటి బాగా తెలుసుకోవాలి. అడ్వాన్స్ ఇవ్వడం సాయమే. మనిషి ఆధార్ కార్డు, ఫోన్ లాక్కుని ఉంచుకోవడం సాయం కాదు.

గడ్డి మందు కొట్టినా చావదంటూ ప్యాకెట్ మీద పేరూ లాట్ నంబర్ లేకుండా అమ్మే పత్తి విత్తనానికి దేశంలో అనుమతి లేదు. బిల్లు లేకుండా అమ్మితే, మొలక రాకపోయినా కాయ పట్టకపోయినా రైతు ఎక్కడికీ వెళ్లలేడు. విత్తనాల షాపులో న్యాయం అంతా బిల్లు పుస్తకం దగ్గరే ఉంది: లాట్ నంబర్ రాసిన బిల్లు ప్రతి రైతుకూ, అడిగినా అడగకపోయినా ఇవ్వాలి. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం డాక్టర్లకు 2002 వృత్తి నియమావళిలోనే నిషేధం. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. మీ షాపులో కాంటా మీద ముద్ర ఏ సంవత్సరానిదో రేపు పొద్దున్నే చూడండి.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన పని అయిపోలేదు. ఉద్దెర సంగతే తీసుకోండి. షాపువాళ్లు ఎరువు, మందు ఉద్దెరకు ఇస్తారు, పంట వచ్చాక వాళ్లకే అమ్మాలని మాట తీసుకుంటారు, ధర ఆ రోజు వాళ్లే చెబుతారు. దీంట్లో పట్టుకోవడానికి సెక్షన్ దొరకకపోవచ్చు. కానీ ఉద్దెర ధర ఎంతో, నగదు ధర ఎంతో ఇచ్చే రోజే రాసి ఇస్తే, పంట ఎక్కడైనా అమ్ముకుని బాకీ కట్టే వీలు ఇస్తే, అదే వ్యాపారం న్యాయంగా మారుతుంది. నాకు తెలిసిన ఒక డీలర్ అలా మార్చుకున్నారు. మొదటి సీజన్‌లో కొంత బాకీ మునిగింది. ఆ బాధ ఆయన నా ముందు దాచుకోలేదు. అయినా మళ్లీ పాత పద్ధతికి పోలేదు.

నాలుగో పని: ఒక రాత్రి గడవనివ్వండి

తప్పు సంతకాలు ఎక్కువగా తొందరలో పడతాయి. మార్చి 31 సాయంత్రం, టెండర్ చివరి గంట, లారీ గేటు దగ్గర హారన్ కొడుతున్నప్పుడు. "ఐదు నిమిషాల పని సార్" అన్న మాట వినగానే నేను పెన్ను క్యాప్ పెట్టేస్తాను. నిజంగా ఐదు నిమిషాల పనే అయితే రేపు పొద్దున కూడా ఐదు నిమిషాలే పడుతుంది.

ఆ రాత్రి ఒక్కరిని అడగండి. ఆ పనిలో లాభం ఉన్నవాళ్లను అడగవద్దు, మీ మాటకు ఎప్పుడూ తలూపేవాళ్లనూ అడగవద్దు. వీలైతే మీకన్నా కింద పనిచేసేవాళ్లను అడగండి. కాంటా దగ్గర ఏం జరుగుతుందో యజమాని కన్నా హమాలీకి బాగా తెలుసు. బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి ఆస్పత్రిలో ఏ టెస్టు అనవసరమో తెలుసు. వాళ్లు నోరు విప్పాలంటే మీరు అడిగే తీరు బాగుండాలి. "ఎవరు చేస్తున్నారు?" అని అడిగితే భయపడతారు. "దీన్ని ఎట్లా మారిస్తే బాగుంటది?" అని అడగండి.

ఐదో పని: మొహమాటం దాటండి

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. మన వైపు తప్పులకు ఆశ కన్నా మొహమాటం ఎక్కువ కారణం. బావమరిది అడిగాడని, చిన్నప్పటి దోస్తు అడిగాడని, ఊరి సర్పంచ్ ఇంటికి వచ్చి కూర్చున్నాడని, ఎమ్మార్వో ఆఫీసులో తెలిసిన మనిషి ఫోన్ చేశాడని ఒప్పుకుంటాం. ఒప్పుకున్నాక రాత్రి నిద్ర పట్టదు. కాదనడం రాక కాదు, కాదనడానికి మాటలు ముందే సిద్ధంగా లేక.

అందుకే మాటలు ముందే తయారుచేసుకోండి, అద్దం ముందు బయటికి చెప్పి చూసుకోండి.

నా సొంత అనుభవం చెబుతాను. మా పెద్దమ్మ కొడుకు ఒకసారి బ్యాంకు లోను కోసం ఎక్కువ ఆదాయం చూపించి రిటర్న్ వేయమన్నాడు. మా ఇంట్లో కూర్చుని, మా ఆవిడ పోసిన చాయ్ తాగుతూ అడిగాడు. "తమ్మీ, మనోడివి, నువ్వే కాదంటే ఎట్ల?" నాకు గొంతులో ముద్ద అడ్డం పడినట్టయింది. పది నిమిషాలు అటూ ఇటూ మాట్లాడి, చివరికి ఇలా అన్నాను: "అన్నా, నా దగ్గర ఉన్నంతలో డబ్బు చేబదులు ఇస్తా. లేని ఆదాయం మాత్రం రాయను. రేపు కిస్తీ కట్టలేక నువ్వు ఇబ్బంది పడితే, ఆ లోను ఇప్పించింది నేనే అయితా." అన్న కోపంగా లేచిపోయాడు. ఏడాది పాటు మా ఇంటి గడప తొక్కలేదు. తర్వాత దసరాకు వచ్చాడు, కానీ ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే మాట చెబుతాను. తేడా ఏమిటంటే, ఇప్పుడైతే పది నిమిషాలు నసగకుండా మొదటి నిమిషంలోనే చెబుతాను. మనం నసిగేకొద్దీ అవతలి వాళ్లకు ఆశ పెరుగుతుంది, తర్వాత కోపం కూడా అంతే పెరుగుతుంది.

అందులో పనికొచ్చే కిటుకు ఒకటుంది. కాదన్న చోటే ఇంకో సాయం చూపించండి. మనిషిని వదులుకోవడం లేదని, ఆ పనిని మాత్రమే వదులుకుంటున్నానని అవతలి మనిషికి అర్థం కావాలి.

ఆఫీసులో పై అధికారి అడిగితే మాట వేరు. "సార్, మీరు చెప్పింది ఒక్క లైన్ మెయిల్ పెట్టండి, ఫైల్‌కు జత చేస్తాను" అనండి. సగం పనులు అక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే రాసి ఇవ్వలేని ఆదేశం ఎలాంటిదో చెప్పిన మనిషికి కూడా తెలుసు. మెయిల్ నిజంగానే వస్తే? అప్పుడు కూడా తప్పు పని తప్పే. కాగితం ఉన్నంత మాత్రాన మీ చేయి శుభ్రం కాదు. "సార్, ఇది నేను చేయలేను, కారణం ఇది" అని అదే మెయిల్‌కు మర్యాదగా జవాబు పెట్టండి. కౌంటర్ దగ్గర చేయి చాచిన మనిషితో గొడవ పడాల్సిన పని లేదు. "సార్, రసీదు ఎంతకు ఇస్తారో అంత కడతాను" అంటే చాలు. గొంతు పెంచకండి. మళ్లీ అడిగితే అదే మాట అదే గొంతుతో చెప్పండి.

రెండు వైపులా న్యాయం ఉన్నప్పుడు

ఇప్పటిదాకా చెప్పినవాటిలో తప్పు ఏదో తెలుస్తూనే ఉంది, ధైర్యమే కావాలి. కొన్నిసార్లు ఏది సరైనదో నిజంగా తెలియదు. అలాంటిది ఒకటి నా టేబుల్ ముందుకు వచ్చింది.

పోచంపల్లి, పుట్టపాక వైపు నుంచి ఇక్కత్ చీరలు తెచ్చి అమ్మే ఒక షాపు. యజమాని మగ్గం మీద పెరిగిన మనిషి. ఏడెనిమిది నేత కుటుంబాలకు ఏడాది పొడవునా పని ఇస్తారు. ఆషాఢంలోనూ, పెళ్లిళ్లు లేని నెలల్లోనూ చేనేత చీర కదలదు. అప్పుడు ఇక్కత్ డిజైన్ ప్రింట్ చేసిన మిల్లు చీరలు తెచ్చి, అదే అరలో, "పోచంపల్లి" అనే మాటతోనే అమ్మేవారు. "ఆ డబ్బుతోనే సార్ నేతన్నలకు కూలి ఇచ్చేది. ఇది ఆపితే రెండు నెలలు మగ్గాలు పడుకుంటయ్" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు.

ఇద్దరం నేల మీద కూర్చుని రెండు చీరలు పక్కపక్కన పరిచాం. అసలు ఇక్కత్‌లో నేయక ముందే దారానికి ముడులు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి, బట్ట తిప్పి చూసినా లోపలి వైపు కూడా అదే రంగు, అదే బొమ్మ. బొమ్మ అంచులు ఈకలా కొంచెం చెదిరి ఉంటాయి. ప్రింట్ చీర తిప్పగానే వెనక వెలిసిపోయినట్టు కనిపించింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిందే ఈ తేడాను కాపాడడానికి. అప్పుడు అక్కడ లేని మనుషులను లెక్కపెట్టాం. కొన్న ఆమె ఉంది. ఆయన దగ్గర నేసేవాళ్లు ఉన్నారు. ఇంకా పక్క ఊళ్లో, వేరే యజమాని దగ్గర నేసేవాళ్లు ఉన్నారు. తక్కువ ధరకు "పోచంపల్లి" దొరుకుతుందని జనానికి అలవాటైతే వాళ్ల చీరకు ఎవరు డబ్బు పెడతారు? ఈ మూడో పేరు రాశాక ఆయన ముఖం మారింది.

ప్రింట్ చీరలు మానేయమని నేను చెప్పలేదు. వేరే అరలో పెట్టి, "ప్రింట్" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయమన్నాను. చేనేత చీర అమ్మేటప్పుడు బట్ట తిప్పి చూపించమన్నాను. ప్రింట్ చీర మీద లాభం తగ్గింది, అది నిజం. ఖాళీ నెలల్లో నేతవాళ్లకు సగం పని ఇవ్వగలిగారు, పూర్తి పని ఇవ్వలేకపోయారు. ఒకరి నోటికాడి ముద్ద లాగకుండా అందరినీ నిలబెట్టే దారి ప్రతిసారీ దొరకదు. అలాంటప్పుడు, నష్టాన్ని ఏమీ తెలియని మనిషి మీద వేయకుండా, తెలిసి ఒప్పుకోగలిగినవాళ్ల మధ్య పంచడమే నాకు సరైనదిగా తోస్తుంది.

నియమం సీజన్‌కు ముందే పెట్టుకోండి

లారీలు గేటు ముందు వరుస కట్టాక నియమం పెట్టలేం. వానాకాలం వడ్లు రాకముందే, దసరా లోపే కూర్చుని రాసుకోండి. తేమ మీటర్ తెర రైతు వైపు తిప్పి ఉండాలి. సంచి బరువు ఎంత తీసేస్తున్నామో కాంటా పక్కన బోర్డు మీద ఉండాలి. చీటీ మీద తరుగు అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా తేమకు ఎంత, తాలుకు ఎంత అని విడిగా రాయాలి. ఇవి ఖర్చులేని పనులు. ఉద్యోగులైతే, "ఫలానా పనులకు నేను సంతకం పెట్టను" అని ముందే తేల్చుకోండి.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. న్యాయంగా ఉంటే వ్యాపారం దానంతట అదే పెరుగుతుందని నేను చెప్పను. నేను దొంగ బిల్లులు ముట్టనని చెప్పిన ఏడాది ముగ్గురు పెద్ద క్లయింట్లు వెళ్లిపోయారు. ఆ ఏడాది ఇంటి అద్దె కట్టడానికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం. అందుకే జీతగాళ్లకు నా సలహా: ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా పక్కన పెట్టుకోండి. కిస్తీలు నెత్తిన ఉన్న మనిషి ఎంత మంచివాడైనా "కుదరదు" అనడం కష్టం. ఆ ఆరు నెలల డబ్బు మీ నోటికి బలం ఇస్తుంది.

తప్పు ఇప్పటికే జరిగిపోయి ఉంటే

సత్యం కంప్యూటర్స్ సంగతి మన రాష్ట్రంలో అందరికీ తెలుసు. 2009 జనవరి 7న చైర్మన్ స్వయంగా ఉత్తరం రాసి, బ్యాంకుల్లో ఉన్నట్టు చూపించిన సుమారు 5,040 కోట్లు లేవని ఒప్పుకున్నారు. 2015 ఏప్రిల్‌లో కోర్టు శిక్ష వేసింది. ఆ ఉత్తరంలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఆ పెద్ద అంకె కాదు. అసలు లాభానికీ, చూపించిన లాభానికీ మధ్య మొదట్లో తేడా కొంచెమేనని, ఏళ్లు గడిచేకొద్దీ అది చేయి దాటిపోయిందని అందులో ఉంది. ప్రతి త్రైమాసికంలో "వచ్చేసారి సర్దుదాం" అనుకుని ఉంటారు. ఆ మాట నేను చిన్న కిరాణా షాపుల్లో కూడా వింటాను.

కాబట్టి తేడా చిన్నగా ఉన్నప్పుడే తెంచేయాలి. జీఎస్టీలో తక్కువ కట్టినట్టు తేలితే నోటీసు వచ్చేదాకా ఆగకండి, డీఆర్‌సీ-03 ఫారంతో వడ్డీతో సహా మీరే కట్టేయవచ్చు. బిల్లు తప్పు వేస్తే కస్టమర్‌కు ఫోన్ చేసి, తేడా తిరిగి పంపి, ఎలా జరిగిందో రెండు మాటల్లో చెప్పండి. సాకులు కలపకండి. కింది ఉద్యోగి చేశాడని చెప్పకండి. ఉద్యోగంలో మీ తప్పు మీరే ముందు చెబితే టెన్షన్ ఒక రోజుది, ఇంకొకరు పట్టుకుంటే ఆ టెన్షన్ ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇది త్వరగా చేయాలని ఎందుకు అంటున్నానంటే, హాలియా వైపు నుంచి వచ్చిన ఆ రైతుకు నేను రాసిన తరుగు డబ్బు తిరిగి ఇవ్వాలని చాలా ఏళ్ల తర్వాత అనుకున్నాను. తక్‌పట్టీ నకళ్లు మిల్లులో ఉండేవి. ఆ మిల్లు చేతులు మారింది, పాత పుస్తకాలు లేవు. ఆయన పేరు నాకు గుర్తు లేదు, ఊరు కూడా తెలియదు. ఇప్పుడు మా ఆఫీసులో ఎవరికైనా ఒక్క రూపాయి తేడా రాశామని తెలిస్తే, ఆ రోజే పేరు, ఊరు, ఫోన్ నంబర్ ఎర్ర అట్ట నోట్‌బుక్‌లో రాస్తాం. డబ్బు చేరాకే ఆ పేరు మీద గీత కొడతాం.